పెంపుడు పక్షుల ఆరోగ్యం: జబ్బు ముదరక ముందే గుర్తించడం ఎలా?

పట్టణాలలోని అపార్ట్‌మెంట్ల బాల్కనీలలోను, గ్రామాలలోని ఇళ్ల వసారాలలోను పక్షుల పంజరాలు కనిపించడం నేడు సర్వసాధారణమైంది. కుక్కను పెంచడానికి తగిన స్థలం, సమయం లేని కుటుంబాలు, పిల్లల ముచ్చట తీర్చదలచిన తల్లిదండ్రులు, ఒంటరిగా ఉంటున్న వృద్ధులు పక్షుల పెంపకం వైపు మొగ్గు చూపుతున్నారు. చిన్న పక్షుల జతను కొద్దిపాటి ఖర్చుతో కొనవచ్చును. ధర తక్కువ కావడం వల్లనే వాటి ఆరోగ్యం పట్ల శ్రద్ధ కూడా తక్కువగా ఉంటున్నదని చెప్పక తప్పదు.

"నిన్న సాయంత్రం వరకు బాగానే ఉన్నది, తెల్లవారేసరికి చనిపోయింది" అన్నది పక్షులను పెంచేవారి నోట తరచుగా వినిపించే మాట. నిజానికి ఆ పక్షి నిన్న సాయంత్రం బాగా లేదు. బహుశా వారం రోజులుగానో, అంతకు మించిన కాలంగానో అది జబ్బుతో బాధపడుతూ ఉండవచ్చు. అడవిలో గుంపులో బతికే చిన్న పక్షి నీరసంగా కనిపించిన మరుక్షణం డేగకో, పాముకో ఆహారమవుతుంది. అందుచేత శక్తి ఉన్నంత వరకు ఆరోగ్యంగా ఉన్నట్లు కనిపించడం దాని స్వభావంలోనే ఇమిడి ఉన్నది. తరతరాలుగా పంజరంలో పుట్టి పెరిగినా ఈ స్వభావం మారలేదు. పక్షి ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నదంటే దాని దాపరికం ముగిసిందని, జబ్బు చివరి దశకు చేరిందని అర్థం. కాబట్టి పెంపుడు పక్షి ప్రాణం చాలావరకు చికిత్స కంటే ముందు జరిగే ప్రతిదిన పరిశీలన మీద ఆధారపడి ఉంటుంది.

ఏ పక్షులను పెంచవచ్చు?

ఆరోగ్య విషయాలకు ముందు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. మన ఇళ్లలో అనాదిగా పెంచుతూ వచ్చిన రామచిలుకను పంజరంలో ఉంచడం చట్టరీత్యా నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. స్వదేశీ అడవి పక్షుల వ్యాపారంపై 1990–91 నుండి నిషేధం అమలులో ఉన్నది. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి రాగా, జరిమానా పరిమితి లక్ష రూపాయలకు పెరిగింది. మూడేండ్ల వరకు జైలుశిక్ష కూడా విధించవచ్చు. రామచిలుక 2018 నుండి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా. అయినప్పటికీ చెట్టు తొర్రల నుండి తీసిన పిల్లలను సంతలలో అమ్మడం పూర్తిగా ఆగలేదు. మునియా పిట్టలకు ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూసి విదేశీ పక్షులని నమ్మించి అమ్మేవారు కూడా ఉన్నారు. స్నానం చేయిస్తే రంగు వెలిసిపోయే పక్షి విదేశీ పక్షి కాదని గ్రహించాలి.

ఇళ్లలో పెంచుకోదగినవి పంజరాలలోనే తరతరాలుగా వృద్ధి చెందిన విదేశీ జాతులు. వీటిలో అగ్రస్థానం ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరిగార్‌ది. మన దుకాణాలలో 'లవ్ బర్డ్స్' పేరుతో అమ్మే పచ్చ, నీలి, పసుపు రంగుల చిన్న చిలుకలు చాలావరకు బడ్జీలే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానికి చెందినవి; అవి మరింత బొద్దుగా, పొట్టి తోకతో ఉంటాయి. కాక్‌టీల్, జీబ్రా ఫించ్ కూడా విరివిగా పెంచబడుతున్నాయి. ఆఫ్రికన్ గ్రే చిలుక, మకావ్, కాకటూ, కన్యూర్ వంటి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలోని పక్షులు ఉన్నవారు మాత్రం 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నిబంధనల ప్రకారం వాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవలసి ఉంటుంది. బడ్జీకి, కాక్‌టీల్‌కు ఈ నిబంధన వర్తించదు.

పుణ్యం కలుగుతుందన్న భావనతో బడ్జీలను పంజరం తలుపు తీసి వదిలివేసేవారికి ఒక మాట. ఇక్కడి ఆకాశం వాటిది కాదు. ఆహారం వెదుక్కోవడం తెలియని ఆ పక్షులు కాకుల బారిన పడి ఎక్కువ కాలం బతకవు. పెంచలేని పరిస్థితి వస్తే శ్రద్ధగా పెంచగల మరొకరికి అప్పగించడమే మేలు.

త్రాసు, కాగితం, రెండు నిమిషాల సమయం

బడ్జీ బరువు సుమారు 30 నుండి 40 గ్రాములు. ఇంత చిన్న శరీరంలో 3, 4 గ్రాములు తగ్గడం మనిషి బరువులో 6, 7 కిలోలు తగ్గడంతో సమానం. ఛాతీ ఈకల కింద ఈ తగ్గుదల కంటికి కనిపించదు. వంటింట్లో వాడే ఒక గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఇందుకు చాలును. దానిపై చిన్న డబ్బా గాని, కూర్చునే కర్ర గాని ఉంచి, వారానికి ఒకసారి, ఉదయం మేత పెట్టక ముందు తూచి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసుకోవాలి. పదిశాతం తగ్గుదల కనిపిస్తే పక్షి ఎంత హుషారుగా ఉన్నా వైద్యునికి చూపించవలసినదే. పక్షిని పెంచేవారు కొనదగిన వస్తువులలో రంగురంగుల బొమ్మల కంటే, అద్దాల కంటే, గంటల కంటే ఈ త్రాసే ఎక్కువ విలువైనది.

రెండవది రెట్ట. పంజరం అడుగున రంపపుపొట్టు, ఇసుక కాకుండా పాత వార్తాపత్రిక పరచి ప్రతిరోజూ మార్చడం వల్ల పరిశుభ్రతతో పాటు పరిశీలనకు వీలు కలుగుతుంది. ఆరోగ్యవంతమైన పక్షి రెట్టలో మూడు భాగాలు ఉంటాయి: ఆకుపచ్చ లేదా గోధుమ రంగులో చుట్టుకున్న మలం, తెల్లని సున్నం వంటి పదార్థం, దాని చుట్టూ కొద్దిపాటి నీరు. తెల్లని భాగం పసుపుగానో, లేత ఆకుపచ్చగానో మారితే కాలేయ సంబంధమైన వ్యాధిని అనుమానించాలి. మలం భాగం లేకుండా తెలుపు, నీరు మాత్రమే కనిపిస్తే పక్షి తినడం లేదని అర్థం. ఆకుకూరలు, పండ్లు పెట్టిన రోజున రెట్ట పలుచగా ఉండడం సహజం. దీనికి ఆందోళన చెందనవసరం లేదు.

మూడవది శ్వాస. విశ్రాంతిగా కూర్చున్న పక్షి తోక ప్రతి శ్వాసకు పైకీ కిందికీ ఊగుతున్నదంటే ఊపిరి తీసుకోవడానికి అది శ్రమపడుతున్నట్లు. ఎండ లేని వేళ నోరు తెరచి ఉంచడం, కూతలో మార్పు, ముక్కు రంధ్రాల పైనున్న ఈకలు తడిసి అతుక్కుని ఉండడం కూడా హెచ్చరికలే. నిద్రపోయేటప్పుడు ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుని, ఒంటికాలిపై నిలవడం ఆరోగ్య లక్షణం. పగటిపూట ఈకలు ఉబ్బించి, రెండు కాళ్లపై నిలబడి, కళ్లు సగం మూసుకుని ఉన్న పక్షిని మాత్రం ఉపేక్షించరాదు. పరిశీలన దూరం నుండి చేయడం మంచిది. యజమాని దగ్గరకు రాగానే పక్షి ఒళ్లు సర్దుకుని చురుకుగా కనిపిస్తుంది. వైద్యుని బల్లపై కూడా అదే జరుగుతుంది. అందుకే ఇంటి వద్ద సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో వైద్యునికి ఎంతగానో ఉపకరిస్తుంది.

నిండుగా కనిపించే ఖాళీ గిన్నె

చిలుక జాతి పక్షులు గింజను ముక్కుతో ఒలిచి, పప్పును తిని, పొట్టును అదే గిన్నెలో వదులుతాయి. సాయంత్రానికి గిన్నె అంచు వరకు పొట్టే ఉంటుంది. పైనుండి చూసినవారికి మేత పుష్కలంగా ఉన్నట్లు తోస్తుంది. ఊరికి వెళుతూ పక్కింటివారికి పక్షులను అప్పగించినప్పుడు, "గిన్నె నిండుగానే ఉన్నదండీ, అందుకే వేయలేదు" అన్న అమాయకపు జవాబు వెనుక పక్షి ఆకలిచావు ఉంటుంది. ఎక్కువ వేగంతో శక్తిని ఖర్చు చేసే ఈ చిన్న ప్రాణి ఒకటి రెండు రోజుల పస్తును తట్టుకోలేదు. రోజూ గిన్నెను బయటికి తెచ్చి, పొట్టును ఊది, తాజా గింజలు వేయడం తప్పనిసరి. ఒక బడ్జీకి రోజుకు సుమారు ఒకటిన్నర నుండి రెండు టీస్పూన్ల గింజలు సరిపోతాయి.

కొర్రలు, సామలు, వరిగలు, సజ్జలు మన ప్రాంతంలో సులభంగా లభించే మంచి మేతలు. అయితే గింజలు మాత్రమే ఆహారం కారాదు. ఈ విషయంలో యజమానులలో ఉన్న అపోహ బలమైనది. గింజలు తిని పదేళ్లు బతికిన పక్షి ఒకటి ప్రతి వీధిలోనూ ఉదాహరణగా దొరుకుతుంది. అదే వీధిలో రెండేళ్లకే చనిపోయిన పక్షులను మాత్రం ఎవరూ లెక్కించరు. గింజలలో కొవ్వు ఎక్కువ, విటమిన్-ఎ, కాల్షియం అతి తక్కువ. విటమిన్-ఎ లోపిస్తే నోటిలోను, శ్వాసనాళంలోను ఉండే సున్నితమైన పొర మందమై, సూక్ష్మజీవులు ప్రవేశించడానికి వీలు కలుగుతుంది. తరచూ జలుబు చేస్తున్నదని యజమాని భావించే పక్షిలో అసలు లోపం మేత గిన్నెలోనే ఉండవచ్చు. పొద్దుతిరుగుడు గింజలను పక్షులు ఇష్టంగా తింటాయి. బడ్జీలు, కాక్‌టీల్స్ ఊబకాయంతోను, కాలేయంలో కొవ్వు పేరుకుపోవడంతోను బాధపడడానికి అవి ఒక ప్రధాన కారణం.

మునగాకు, తోటకూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి ముక్కలు, బొప్పాయి, జామ ప్రతిరోజూ కొద్దికొద్దిగా పెట్టవచ్చు. పాలకూరలోని ఒక పదార్థం కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు గనుక దానిని అప్పుడప్పుడు మాత్రమే వాడాలి. ఆకుకూరలపై పురుగుమందుల అవశేషాలు ఉంటాయి కాబట్టి ధారాళమైన నీటిలో రెండు మూడు సార్లు కడిగి, మూడు గంటల తర్వాత మిగిలినది తీసివేయాలి. గింజలకు అలవాటుపడిన పక్షి కొత్త ఆహారాన్ని తొలుత ముట్టదు. విసుగు చెందక వారాల తరబడి పెట్టవలసిందే; గింజలు పూర్తిగా ఆపివేసి ఆకలితో లొంగదీయడం ప్రమాదకరం. చిలుకకు మిరపకాయ పెట్టడం మన పెద్దల నుండి వస్తున్న అలవాటు. ఇందులో క్రూరత్వం ఏమీ లేదు. మిరపలోని ఘాటు పదార్థాన్ని పక్షుల నరాలు గుర్తించవు. పైగా పండుమిరపలో విటమిన్-ఎ నిచ్చే పదార్థాలు సమృద్ధిగా ఉంటాయి.

కాల్షియం కొరకు దుకాణాలలో దొరికే సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు వేసిన చిరుతిండ్లు, ఊరగాయలు పక్షులకు విషతుల్యం. పాలను జీర్ణించుకునే శక్తి పక్షులకు లేదు. తాము తినేది పక్షికి కూడా పెట్టాలన్న ప్రేమను ఈ ఒక్క చోట అదుపులో ఉంచుకోవాలి.

గాలి: కంటికి కనిపించని ప్రమాదం

బొగ్గు గనులలో విషవాయువును పసిగట్టడానికి కానరీ పక్షులను తీసుకుపోయేవారన్న సంగతి చాలామందికి తెలుసు. 1890వ దశకంలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఈ సూచన చేయగా, బ్రిటన్ 1986లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. పక్షిని అందుకు ఎంచుకోవడానికి కారణం దాని శ్వాస వ్యవస్థ. పక్షి ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిశలో ప్రవహిస్తుంది; శరీరమంతటా విస్తరించిన గాలితిత్తుల సహాయంతో శ్వాస లోనికి తీసుకున్నప్పుడు, వదిలినప్పుడు కూడా తాజా గాలి ఊపిరితిత్తులకు అందుతుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును సమకూర్చే ఈ ఏర్పాటే విషాన్ని కూడా మనకంటే వేగంగా రక్తంలో చేరుస్తుంది.

మన ఇళ్లలో దీనికి సంబంధించిన ప్రమాదాలలో మొదటిది నాన్‌స్టిక్ పాత్ర. దోసెల పెనాన్ని స్టవ్ మీద ఉంచి ఫోన్ మాట్లాడడానికి వెళ్లిన కొద్ది నిమిషాలలో ఖాళీ పెనం సుమారు 260 డిగ్రీల సెల్సియస్‌ను దాటవచ్చు. అప్పుడు దాని పూత నుండి వెలువడే వాయువుకు వాసన ఉండకపోవచ్చు. మనుషులకు తెలియను కూడా తెలియదు. పక్కగదిలోని పక్షులు మాత్రం నిమిషాలలో ఊపిరాడక చనిపోతాయి. దీనికి విరుగుడు లేదు. పక్షులున్న ఇంట్లో ఇనుప పెనం వాడడం, పంజరాన్ని వంటగదికి దూరంగా ఉంచడం మాత్రమే మార్గం. తాలింపు ఘాటు, సాంబ్రాణి పొగ, దోమల చుట్టలు, అగరబత్తీలు, బొద్దింకల మందు, సిగరెట్ పొగ, గోడలకు వేసిన తాజా రంగు, ఫినాయిల్ వాసన ఇవన్నీ ఏదో ఒక మేరకు హానికరమైనవే. దోమల బెడద ఉన్నచోట పంజరంపై దోమతెర కప్పడం మేలైన పద్ధతి. దీపావళి రాత్రి పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, కిటికీలు మూసి, చిన్న దీపం వెలుతురు ఉంచాలి. కటిక చీకటిలో టపాసుల శబ్దానికి బెదిరిన పక్షి, ముఖ్యంగా కాక్‌టీల్, పంజరం ఊచలకు కొట్టుకుని రెక్కలు విరుచుకుంటుంది.

వేసవి

పక్షులకు చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పడం ద్వారా, రెక్కలను ఒంటికి దూరంగా ఎత్తిపెట్టడం ద్వారా మాత్రమే అవి వేడిని తగ్గించుకుంటాయి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులలో రేకుల కప్పు కింద, పడమటి బాల్కనీలో పంజరం ఉంచడం పక్షిని చంపుకోవడమే. రొప్పడం వల్ల చల్లదనం కలగాలంటే నోటిలోని తడి ఆవిరి కావాలి. గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తా జిల్లాలలో 38 డిగ్రీల వేడి కూడా అందువల్లనే పక్షులకు దుర్భరమవుతుంది. ఇంటిలోని చల్లని గదిలో, గాలి ఆడేచోట, కూలర్ గాలి నేరుగా తగలకుండా పంజరాన్ని ఉంచాలి. నీటిని రోజుకు రెండు మూడు సార్లు మార్చి, వెడల్పాటి మట్టి మూకుడులో స్నానానికి నీరు పెట్టాలి. వడదెబ్బ తగిలి సోలిపోయిన పక్షిపై ఐసు నీరు కుమ్మరించరాదు. చల్లని నీడకు చేర్చి, కాళ్లు, రెక్కల కింది భాగం మామూలు నీటితో తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పంజరం విషయంలో క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం. పక్షి అడ్డంగా ఎగురుతుంది గాని నిలువుగా కాదు. బడ్జీలకు ఊచల మధ్య ఖాళీ అర అంగుళం మించరాదు. ఒకే మందం గల ప్లాస్టిక్ కర్రపై నిరంతరం కూర్చుంటే పాదాల అడుగున పుండ్లు పడతాయి కనుక, జామ, వేప వంటి చెట్ల కొమ్మలను వేర్వేరు మందాలలో అమర్చాలి. కొత్త జాలీపై ఉండే జింకు పూత కడుపులోకి పోతే విషమవుతుంది. వెనిగర్‌తో రుద్ది కడిగి, ఎండబెట్టి వాడాలి. రోజుకు కొంతసేపు పక్షిని గదిలో ఎగరనివ్వడం ఆరోగ్యకరమే అయినా, అంతకు ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపడం మరువరాదు.

కుండ పెట్టినంత కాలం గుడ్లు

జతగా ఉన్న బడ్జీల పంజరంలో చిన్న మట్టికుండను వేలాడదీయడం పరిపాటి. కుండ ఉన్నంత కాలం ఆడపక్షి ఒక ఈత తర్వాత మరొక ఈతగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. దాని ఎముకలలోని కాల్షియం అంతా పెంకులకు తరలిపోయి, చివరకు గుడ్డు లోపలే అడ్డుపడుతుంది. పొట్ట ఉబ్బి, పంజరం అడుగున కూర్చుని, ముక్కుతూ తోక ఆడించే ఆడపక్షికి ఇది అత్యవసర స్థితి. గంటల వ్యవధిలో ప్రాణం పోవచ్చు. గుడ్డును చేతితో నొక్కి బయటకు తీయడానికి ప్రయత్నించడం వల్ల లోపల పగిలి మరింత ప్రమాదం ఏర్పడుతుంది. సంవత్సరానికి రెండు ఈతలకు మించకుండా, ఆ తర్వాత కుండను తీసివేయడం ఉత్తమం. ఉదయపు నీరెండ కూడా అవసరమే. గాజు అద్దం గుండా వచ్చే ఎండ వల్ల విటమిన్-డి తయారు కాదు గనుక, సగం నీడ ఉండేటట్లు చూసి పంజరాన్ని ఆరుబయట కొద్దిసేపు ఉంచాలి.

కొత్త పక్షి, పాత పక్షి, ఇంటి మనిషి

ఒంటరి పక్షికి తోడు తెచ్చిన రోజునే రెంటినీ ఒకే పంజరంలో వేయడం అత్యంత సాధారణంగా జరిగే పొరపాటు. దుకాణంలో పదుల సంఖ్యలో పక్షులు ఒకే చోట కిక్కిరిసి ఉంటాయి. అక్కడి నుండి వచ్చిన పక్షిని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి, పాత పక్షికి మేత, నీరు పెట్టిన తర్వాతనే దాని పని చూడాలి. ముక్కు మూలాల్లో, కాళ్లపై తేనెపట్టు వంటి తెల్లని గరుకు పొర కనిపిస్తే అది కంటికి కనిపించని గజ్జి పురుగు వల్ల వచ్చినది. వైద్యుడు ఇచ్చే మందుతో పూర్తిగా నయమవుతుంది. కిరోసిన్ పూయడం వంటి చిట్కాలు పక్షి చర్మాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి.

పక్షుల నుండి మనుషులకు సోకే వ్యాధులలో ముఖ్యమైనది సిట్టకోసిస్, అంటే చిలుక జ్వరం. 1929–30లో పెంపుడు చిలుకల వ్యాపారం ద్వారా ఇది అమెరికా, ఐరోపా దేశాలలో ప్రబలి అనేకుల మరణానికి కారణమైంది. ఎండిన రెట్ట, ఈకల ధూళి ద్వారా దీని సూక్ష్మజీవి గాలిలో చేరుతుంది. పీల్చినవారికి సాధారణంగా 5 నుండి 14 రోజులలో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొడిదగ్గు మొదలై, న్యుమోనియాగా మారవచ్చు. నేడు దీనికి మంచి మందులు ఉన్నాయి. చిక్కల్లా వ్యాధిని గుర్తించడంలోనే ఉన్నది. జ్వరంతో వచ్చిన వ్యక్తి ఇంట్లో పక్షులున్నాయని చెప్పకపోతే వైద్యునికి ఆ అనుమానం రావడానికి అవకాశం లేదు. పక్షులను పెంచేవారు దగ్గు, జ్వరంతో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ మాట అడగకుండానే చెప్పాలి. పంజరం శుభ్రం చేసేటప్పుడు ముందుగా నీరు చిలకరించి, ధూళి లేవకుండా తుడవడం, ముఖానికి మాస్కు ధరించడం, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం చాలినంత రక్షణ నిస్తాయి. గర్భిణులకు, ఉబ్బసం ఉన్నవారికి ఈ పని అప్పగించకూడదు. వ్యాధి ఏదీ లేకపోయినా ఈకల పొడి వల్లనే ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం వచ్చేవారు కూడా కొందరు ఉంటారు. అటువంటివారికి పడకగదిలో పంజరం తగదు.

మన దేశంలో బర్డ్ ఫ్లూ తొలిసారిగా 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతంలో నిర్ధారణ అయింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ల ఫారాలలో సైతం బయటపడింది. ఇటువంటి సమయాలలో కోళ్ల మార్కెట్ నుండి తిరిగి వచ్చినవారు చేతులు కడుక్కుని, చెప్పులు బయటనే విడిచి, బట్టలు మార్చుకున్న తర్వాతనే పక్షుల దగ్గరకు వెళ్లాలి. బాల్కనీలోని పంజరంపై పావురాలు, కాకులు వాలి రెట్ట వేయకుండా పైభాగం కప్పి ఉంచాలి. ఇంట్లో ఒకటికి మించి పక్షులు ఒక్కసారిగా చనిపోతే వాటిని చెత్తకుండీలో పారవేయకుండా సమీప పశువైద్యశాలకు తెలియజేయడం పౌరుల బాధ్యత.

జబ్బు కనిపించిన వెంటనే

ఆసుపత్రికి చేరే లోగా యజమాని చేయగలిగినవి కొద్దిపాటి పనులే అయినా అవి ప్రాణాన్ని నిలుపుతాయి. జబ్బుపడిన పక్షి తన శక్తినంతటినీ ఒంటి వేడిని కాపాడుకోవడానికే ఖర్చు చేస్తుంది. వడదెబ్బ మినహా మిగిలిన సందర్భాలలో దానిని గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో ఉంచి, మెత్తని గుడ్డ పరచి, ఒక పక్కన గుడ్డ చుట్టిన వేడినీటి సీసా పెట్టాలి. పెట్టె సగభాగం మాత్రమే వెచ్చగా ఉండాలి. వేడి ఎక్కువైతే పక్షి పక్కకు జరగడానికి చోటుండాలి. మేత, నీరు అందుబాటులో ఉంచాలి గాని నోరు తెరచి బలవంతంగా పోయరాదు. నీరు శ్వాసనాళంలోకి పోయి పక్షి చనిపోవడం తరచుగా జరుగుతున్నది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గుళికలను నీటిలో కలిపి ఇవ్వడం మరీ హానికరం. నీరసించిన పక్షి నీరు సరిగా తాగదు గనుక మందు తగిన మోతాదులో అందదు; వ్యాధి లక్షణాలు కొంత మరుగున పడి వైద్యుని పని కష్టమవుతుంది.

పక్షుల వైద్యంలో అనుభవమున్న పశువైద్యులు అన్ని ఊళ్లలో లభించరు. కనుక పక్షి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎక్కడికి తీసుకువెళ్లాలో విచారించి పెట్టుకోవాలి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి పశువైద్య కళాశాలలు, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు ఇందుకు విచారించదగినవి. వెళ్లేటప్పుడు పంజరం అడుగున ఆ రోజు పరచిన కాగితాన్ని తీసివేయకుండా అలాగే తీసుకువెళ్లాలి. బరువులు రాసుకున్న క్యాలెండర్ కాగితం, మేతగా వాడుతున్న గింజల చిన్న పొట్లం, వాడిన మందులుంటే వాటి పేర్లు కూడా వెంట ఉండాలి.